లండన్‌లో హక్కుల ఆఫీసు, మన ఊరి మాట

(మన పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 2012 పదో తరగతి బ్యాచ్ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)



నేను పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందే పుట్టిన సంఘం ఇది. అలాంటి సభలో మాట్లాడమన్నందుకు ముందుగా కృతజ్ఞతలు. కార్యదర్శి గారు ఫోన్ చేసి, "లండన్‌లో చదువుకొని వచ్చినవు కదమ్మా, పిల్లలకు స్ఫూర్తి కలిగేటట్టు ఓ పావుగంట చెప్పు" అన్నారు. స్ఫూర్తి సంగతి నాకు తెలియదు. అక్కడ చేసిన ఒక పని గురించి మాత్రం చెప్పగలను. అది ఎట్లా దొరికింది, రోజూ ఏం చేసేదాన్ని, జీతం ఇచ్చారా, దానివల్ల మన ఊరికి ఏమైనా ఒరిగిందా అని మీరు అడిగే నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పి, చివర ఈ సంఘాన్ని రెండు కోరికలు కోరి కూర్చుంటాను.

2021 సెప్టెంబర్‌లో మానవ హక్కుల మీద ఎం.ఏ. చదవడానికి లండన్ వెళ్లాను. 2022 ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా అక్కడే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఇంటర్న్‌గా పనిచేశాను. మన ఐటీఐ పిల్లలు అప్రెంటిస్ చేసినట్టు, డాక్టర్లు హౌస్‌సర్జన్ చేసినట్టు, పని నేర్చుకుంటూ పని చేయడమే ఇంటర్న్‌షిప్. ఆ సంస్థ గల్ఫ్‌కు వెళ్లిన వలస కార్మికుల హక్కుల మీద పనిచేస్తుంది. ఆ ఏడాది నవంబర్‌లో ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరగబోతోంది కాబట్టి ప్రపంచం కళ్లన్నీ దోహా మీద ఉన్నాయి. ఆ స్టేడియాలు, రోడ్లు, హోటళ్లు కట్టిన చేతులు ఎక్కడివో ఈ సభలో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఆర్మూర్... మన దగ్గర గల్ఫ్‌కు పోయిన మనిషి లేని గల్లీ లేదు. మా నాన్న కూడా పదకొండేళ్లు అక్కడే ఉన్నారు.

హక్కుల సంస్థలకు లండన్ పెద్ద చిరునామా. బానిసత్వానికి వ్యతిరేకంగా పనిచేసే యాంటీ స్లేవరీ ఇంటర్నేషనల్ అక్కడ 1839లో పుట్టింది. పీటర్ బెనెన్సన్ అనే లాయరు 1961 మే 28న 'అబ్జర్వర్' పత్రికలో మరిచిపోయిన ఖైదీల గురించి రాసిన ఒక్క వ్యాసంతో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ మొదలైంది. 1977లో దానికి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఇక్కడ ఒక చమత్కారం ఉంది. మన ఊళ్లో 'ఆమ్నెస్టీ' అంటే సంస్థ పేరు కాదు. కాగితాలు లేకుండా ఉండిపోయిన వాళ్లను జరిమానా లేకుండా ఇంటికి పొమ్మని గల్ఫ్ దేశాలు అప్పుడప్పుడు ప్రకటించే క్షమాభిక్ష. "ఆమ్నెస్టీ పెట్టిన్రట, ఔట్‌పాస్ తీసుకొని వస్తున్నడు" అనే మాట మా వాడకట్టులో ఎన్నిసార్లు విన్నానో. లండన్‌లో ఆ పేరు ఒక భవనం మీద చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది నోబెల్ బహుమతి కాదు, ఔట్‌పాసే.

ఇక మొదటి ప్రశ్న, ఆ పని ఎట్లా దొరికింది?

నేను మొదట దరఖాస్తు పెట్టింది ఒక పెద్ద సంస్థకు. దాని పేరు చెప్పను. ఇంటర్వ్యూ బాగానే జరిగింది. చివర చెప్పారు: ఆరు నెలలు, వారానికి ఐదు రోజులు, జీతం లేదు, మధ్యాహ్న భోజనం, బస్సు ఛార్జీలు ఇస్తాం అని. రెండు కారణాల వల్ల అది నాకు కుదరలేదు. ఒకటి, వీసా. బ్రిటన్‌లో డిగ్రీ, పీజీ చదివే విదేశీ విద్యార్థి చదువు నడుస్తున్న కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక వారంగా లెక్క. ఈ వారం 25 చేసి, వచ్చే వారం 15 చేసి సగటు సరిపోయిందంటే కుదరదు. జూన్‌లో క్లాసులు అయిపోతాయి కదా, తర్వాత పూర్తికాలం చేసుకోవచ్చని చాలామంది పీజీ పిల్లలు అనుకుంటారు. పొరపాటు. సెప్టెంబర్‌లో డిసర్టేషన్ ఇచ్చేదాకా అది కూడా చదువు కాలమే. జీతం లేని పని కదా, లెక్కలోకి రాదులే అనుకోవడం ఇంకో పొరపాటు. ఇష్టమున్నప్పుడు వెళ్లి, ఇష్టం లేనప్పుడు మానేసే సేవ అయితే లెక్కలోకి రాదు. వేళలు, బాధ్యతలు, షరతులు ఉన్న పని అయితే జీతం లేకపోయినా ఆ 20 గంటల్లోకే వస్తుంది. ఈ తేడా తెలియక వీసా మీదికి తెచ్చుకునే ప్రమాదం ఉంది. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

స్టూడెంట్ వీసా మీద సొంతంగా కాంట్రాక్టు పనులు కూడా చేయకూడదు. తెలుగు, హిందీ కాగితాలు ఇంగ్లిష్‌లోకి మార్చిపెడితే పేజీకి ఇంత ఇస్తామని ఒకరు అడిగారు. డబ్బు అవసరం ఉండి కూడా వద్దన్నాను.

రెండో కారణం, తిండి. లండన్‌లో చదవాలంటే నెలకు 1,334 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల ఖర్చు చేతిలో ఉందని ఆ ఏడు వీసాకు ముందే చూపించాల్సి వచ్చింది. నేను ఈస్ట్‌హామ్‌లో మన దక్షిణాది వాళ్లు ఎక్కువగా ఉండే వీధిలో ఇద్దరు తెలుగు అమ్మాయిలతో గది పంచుకున్నాను. ప్రభుత్వ స్కాలర్‌షిప్, బ్యాంకు అప్పు, అమ్మ పుస్తెలతాడు మీద తెచ్చిన అప్పు, అన్నీ కలిపితే ఆ ఏడాది గడిచింది. అలాంటప్పుడు ఆరు నెలలు ఊరికే పనిచేయడం ఎవరికి సాధ్యం? ఇంటి నుంచి డబ్బు వచ్చే పిల్లలకు సాధ్యం.

ఇది నా ఒక్కదాని గొడవ కాదు. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఇంటర్న్‌లకు జీతం ఉండదు. 2015లో జెనీవాలో ఒక న్యూజిలాండ్ కుర్రాడు ఇంటర్న్‌గా చేరి, గది అద్దె కట్టలేక చెరువు ఒడ్డున గుడారం వేసుకొని ఉంటున్నాడని పత్రికల్లో వచ్చింది. పెద్ద చర్చ జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లాంటివి తర్వాత ఇంటర్న్‌లకు భత్యం ఇవ్వడం మొదలుపెట్టాయి. సమాన హక్కుల గురించి మాట్లాడే ఆఫీసుల గుమ్మం దగ్గరే ఈ అసమానత కూర్చుని ఉంది. పేదవాడి గురించి రాసే బల్ల దగ్గరికి పేదవాడి కూతురు చేరలేకపోతే, ఆ రాత ఎప్పుడూ వేరేవాళ్ల చేతిరాతే అవుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చివర నేను అడిగే కోరికల్లో ఒకటి దీని గురించే.

తర్వాత దొరికింది చిన్న సంస్థ. ఆరుగురు మనుషులు, రెండు గదులు. ప్రకటనలో దక్షిణాసియా భాషలు వచ్చినవాళ్లకు ప్రాధాన్యం అని ఉంది. తెలుగు, హిందీ, కొంచెం ఉర్దూ అని రాశాను. తెలుగు మీడియంలో చదివానని ఒక దరఖాస్తులో ధైర్యంగా రాసుకోవడం నాకు అదే మొదటిసారి. వారానికి రెండు రోజులు, 16 గంటలు. ఆ ఏడాది లండన్ జీవన వేతనంగా ప్రకటించిన గంటకు 11.05 పౌండ్లు ఇచ్చారు. వారానికి 176 పౌండ్ల 80 పెన్నీలు. అద్దె, బస్సు ఛార్జీలు వెళ్లేవి. నా రెండు రోజులు గురు, శుక్రవారాలు. ఎందుకంటే గల్ఫ్‌లో కార్మికులకు సెలవు శుక్రవారం. వాళ్లు మాట్లాడగలిగే రోజు అదే.

ఇప్పుడు రెండో ప్రశ్న, ఏం పని చేశాను?

మానవ హక్కుల పని అంటే ఊరేగింపులు, నినాదాలు అనుకుంటాం. అవీ ఉంటాయి. కానీ మా ఆఫీసులో తొంభై పాళ్లు గుమాస్తా పని. ఫోన్‌లో మాట్లాడటం, విన్నది రాసుకోవడం, తేదీలు సరిచూడటం, జీతం చీటీల ఫొటోలు వరుసలో పెట్టడం, చట్టంతో పోల్చడం, మళ్లీ ఫోన్ చేసి అడగడం.

మొదటి నెలంతా నేను చేసింది మాటలకు అర్థాలు చెప్పడం. మనవాళ్లు 'ఆజాద్ వీసా' అంటారు. చట్టంలో అలాంటి వీసా ఏదీ లేదు. ఒక కఫీల్ పేరు మీద వీసా కొనుక్కొని, బయట ఎక్కడో పనిచేసుకోవడాన్ని మనవాళ్లు అట్లా పిలుచుకున్నారు. పేరులో ఆజాదీ ఉంది కానీ, పట్టుబడితే తప్పంతా కార్మికుడిదే. 'ఖల్లివెల్లి' అంటారు. అరబ్బీలో 'పోనీలే, వదిలెయ్' అనే అర్థం వచ్చే మాట. మనవాళ్ల నోట అది కంపెనీ వదిలేసి కాగితాలు లేకుండా బతుకుతున్న మనిషికి పేరైపోయింది. అకామా, బతాకా, హురూబ్, ఔట్‌పాస్, ఇవన్నీ మా అమ్మమ్మకు కూడా తెలిసిన మాటలు. మా ఆఫీసులో రెండు పీహెచ్‌డీలున్న మేడమ్ గారు నా పక్కన కూర్చొని వీటిని ఒక్కొక్కటిగా రాసుకున్నారు. మన ఊరి మాటకు అంత విలువ ఉంటుందని నాకు అక్కడే తెలిసింది.

తర్వాత వాంగ్మూలాలు. దీనికి కొన్ని గట్టి నియమాలున్నాయి. ముందు మనం ఎవరమో, ఎందుకు అడుగుతున్నామో, రాసింది ఎక్కడికి పోతుందో చెప్పాలి. ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలి. మధ్యలో వద్దంటే ఆపేయాలి, తర్వాత వద్దన్నా తీసేయాలి. ఏడిస్తే ఆగాలి. జవాబు మన నోటి నుంచి అందించకూడదు. "కంపెనీ పాస్‌పోర్టు గుంజుకుందా?" అని అడగకూడదు. "మీ పాస్‌పోర్టు ఎక్కడుంది?" అని అడగాలి. అన్నిటికంటే ముఖ్యం, మాట ఇవ్వకూడదు. మీ డబ్బులు వస్తాయని గానీ, మీ కేసు గెలుస్తుందని గానీ అనకూడదు.

ఈ పద్ధతిని వాళ్లు 'మెథడాలజీ' అన్నారు. నాకు అది పూర్తిగా కొత్త కాదు. 'నిజనిర్ధారణ' అనే మాట మన తెలుగు నేల మీద ఎప్పటి నుంచో ఉంది. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి అధ్యక్షులుగా పనిచేసిన కె.జి. కన్నబిరాన్ గారు, వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పి, తర్వాత లాయరై, 1998లో మానవ హక్కుల వేదికను స్థాపించిన వారిలో ఒకరైన కె. బాలగోపాల్ గారు చేసింది అదే. సంఘటన జరిగిన ఊరికి వెళ్లడం, అన్ని పక్షాలనూ అడగడం, చూసింది చూసినట్టు రాయడం. హైదరాబాద్‌లో లా చదివేటప్పుడు ఆ నివేదికలు చదివాను. లండన్‌లో నేర్పిన నియమాల వెనుక ఉన్న శ్రద్ధ నాకు ఆ కాగితాల్లో ముందే కనిపించింది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆయన మన జిల్లా మనిషే. పేరు, ఊరు చెప్పను. ఆరేళ్లు దోహాలో ఒక చిన్న కంపెనీలో మేస్త్రీ. నెలకు 1,200 రియాళ్లు. కరోనా వచ్చాక జీతాలు ఆగిపోయాయి. 2020 చివర్లో ఇంటికి వచ్చేశాడు. నేను ఫోన్ చేసేటప్పటికి ఏడాదిన్నర దాటింది. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా జీతం రాలేదని అడిగాను. ఆయన చెప్పింది ఇది: "పెత్రమాసకు ముందట నాలుగు నెలలు ఇయ్యలేదు బిడ్డా. పెత్రమాస నుంచి దసరా దాకా పని చేపిచ్చుకున్నరు, దానికీ ఇయ్యలేదు. దసరా తెల్లారి పని బంద్ పెట్టిన్రు."

మనవాళ్లు తేదీలు చెప్పరు, పండగలు చెబుతారు. బతుకమ్మ, దసరా, రంజాన్, హోలీ. అందుకే నేను ఐదారేళ్ల పండగల తేదీలతో ఒక పట్టిక తయారుచేసుకున్నాను. మామూలుగా పెత్రమాసకు, దసరాకు మధ్య పది రోజులే. ఆఫీసులో ఒకరు పది రోజుల జీతమే లెక్కవేశారు. కానీ 2020లో అధిక ఆశ్వయుజం వచ్చింది. పెత్రమాస సెప్టెంబర్ 17న పడితే, దసరా అక్టోబర్ 25న వచ్చింది. మధ్యలో 38 రోజులు. రోజుకు 40 రియాళ్ల లెక్కన పది రోజులకు 400, ముప్పై ఎనిమిది రోజులకు 1,520. తేడా 1,120 రియాళ్లు. అప్పటి లెక్కలో ఇరవై మూడు వేల రూపాయలకు పైనే. ఒక అధికమాసం తెలిసి ఉండటం వల్ల ఒక మనిషి చెమటకు ఇరవై మూడు వేలు లెక్కలోకి వచ్చాయి. ఆ తెలివి నాకు ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేదు. మన ఊరు ఇచ్చింది.

మొత్తం లెక్క కట్టాం. నాలుగు నెలల జీతం 4,800. ఆ 38 రోజులవి 1,520. ఖతార్ కార్మిక చట్టం ప్రకారం ఏడాది దాటి పనిచేసిన వాళ్లకు వెళ్లిపోయేటప్పుడు ఏడాదికి కనీసం మూడు వారాల జీతం ఇవ్వాలి. ఆరేళ్లకు 5,040. అంతా కలిపి 11,360 రియాళ్లు. మన డబ్బుల్లో సుమారు 2 లక్షల 40 వేలు. ఆ చివరి పద్దు సంగతి ఆయనకు అసలు తెలియదు. ఆరేళ్లు పనిచేసినందుకు విడిగా డబ్బు రావాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

లెక్క చదివి వినిపించాక ఆయన అడిగాడు: "ఇవన్నీ నాకొస్తయా బిడ్డా?"

మాట ఇవ్వకూడదు. "తెలియదు కాకా, వస్తయని నేను చెప్పలేను" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "పోనీలే, లెక్కయితే తెలిసింది" అన్నాడు.

నివేదికలో ఆయన మాటలు మూడు వాక్యాలుగా వచ్చాయి. పేరు మార్చాం, ఎందుకంటే ఆయన తమ్ముడు ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు. అది చెబితే, "నా పేరెందుకు మార్చిన్రు? నేనేం దొంగతనం చేయలే కదా" అన్నాడు. కారణం విడమరిచి చెప్పాను, ఒప్పుకున్నాడు. కానీ ఆ ప్రశ్న నాలో అట్లాగే ఉంది. పేరు దాచుకోవాల్సింది జీతం ఎగ్గొట్టినవాడు కదా? దాక్కుంటున్నది కష్టపడినవాడు. హక్కు లేకపోవడం అంటే ఏమిటో ఆ ఒక్క మాటలో నాకు అర్థమైనంతగా పుస్తకాల్లో అర్థం కాలేదు.

ఆయన డబ్బులు ఇప్పటికీ రాలేదు. తిరిగొచ్చాక అక్కడ కేసు నడపాలంటే అక్కడున్న ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి, కాగితాలు ఉండాలి, ఖర్చు ఉంటుంది. ఆయన దగ్గర కాంట్రాక్టు కాపీ కూడా లేదు.

అయితే ఈ పని వల్ల ఉపయోగం ఏమిటి? ఇది మూడో ప్రశ్న. ఈ ప్రశ్న నేను కూడా వేసుకున్నాను.

ఖతార్ సంగతే చూడండి. 2018 దాకా చాలామంది కార్మికులు యజమాని అనుమతి లేకుండా దేశం దాటలేకపోయేవారు. ఆ ఏడాది చాలామందికి ఆ నిబంధన తీసేశారు. 2020లో, యజమాని నిరభ్యంతర పత్రం లేకుండా వేరే పనిలోకి మారే వీలు కల్పించారు. 2021 మార్చి 20 నుంచి ఏ దేశస్థుడికైనా నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం అమల్లోకి వచ్చింది. కంపెనీ తిండి, బస ఇవ్వకపోతే వాటికి 300, 500 అదనం. ఎండాకాలంలో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని నిషేధించారు. ఇవేవీ దయతో రాలేదు. కార్మిక సంఘాలు, అంతర్జాతీయ కార్మిక సంస్థ, పత్రికలు, మా ఆఫీసు లాంటి చిన్న చిన్న ఆఫీసులు ఏళ్ల తరబడి ఒక్కొక్క వాంగ్మూలం పోగుచేస్తే వచ్చాయి. చట్టం రావడం వేరు, అమలు కావడం వేరు. ఆ దూరాన్ని కొలవడమే ఇప్పుడు ఆ ఆఫీసుల పని.

ఇంకో సంగతి. 2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక ఒక లెక్క బయటపెట్టింది. 2010లో ప్రపంచ కప్ ఖతార్‌కు దక్కినప్పటి నుంచి భారత్, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక దేశాల వాళ్లు 6,500 మందికి పైగా అక్కడ చనిపోయారని. అందులో మనవాళ్లు 2,711. ఆ అంకె లోకమంతా తిరిగింది. చాలామంది అందరూ స్టేడియాల్లోనే చనిపోయారన్నట్టు చెప్పారు. ఆ అంకె అర్థం అది కాదు. ఆ పదేళ్లలో ఆ దేశాల వాళ్ల మరణాలన్నీ అందులో ఉన్నాయి. మా ఆఫీసులో ఎవరైనా ఆ అంకెను వాడితే పక్కనే ఈ మాట కూడా రాయాల్సిందే. నిజం మన పక్షాన ఉన్నప్పుడు దాన్ని పెంచి చెప్పాల్సిన పని లేదని మేడమ్ అనేవారు. అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ముప్పై, నలభై ఏళ్ల ఆరోగ్యవంతులు నిద్రలో పోతే, సరైన పరీక్ష లేకుండానే 'సహజ మరణం' అని ఎందుకు రాశారు? అట్లా రాస్తే చాలాసార్లు పరిహారం దారి మూసుకుపోతుంది. పెట్టె వచ్చిన ఇళ్లు మనకు తెలుసు. ఆ పెట్టెతో పాటు వచ్చిన కాగితం మీద ఏం రాసి ఉందో చదివిన ఇళ్లు ఎన్ని?

మన దగ్గర కూడా అడిగితే జరిగింది ఒకటుంది. 2020 సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ దేశాలకు వెళ్లే మన కార్మికుల కనీస రిఫరల్ వేతనాలను తగ్గించింది. దాని మీద మన తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది, గల్ఫ్ కార్మికుల సంఘాలు పోరాడాయి. 2021లో కేంద్రం ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది. అడిగినవాళ్లు మన జిల్లాల వాళ్లే.

ఇక ఈ బడికీ, దానికీ సంబంధం. దయచేసి పిల్లలు, ఉపాధ్యాయులు ఈ మాట శ్రద్ధగా వినాలి.

మన దేశంలో 1983 వలసల చట్టం కింద, పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కోవలోకి వస్తుంది. వాళ్లు గల్ఫ్ లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఈ-మైగ్రేట్‌లో కాంట్రాక్టు, కంపెనీ, ఏజెంటు వివరాలు నమోదవుతాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. పదో తరగతి పాసైన వాళ్లకు ఈ అనుమతి అక్కర్లేదు. చదువుకున్నవాడు తన మంచిచెడ్డలు తను చూసుకుంటాడని చట్టం నమ్మకం. అంటే మనం ఇక్కడ చేతిలో పెట్టే పదో తరగతి మెమో పిల్లవాడికి ఒక తలుపు తెరుస్తుంది, అదే సమయంలో ఒక గొడుగు కూడా తీసేస్తుంది. ఆ తనిఖీ, ఆ బీమా వాడికి తప్పనిసరి కాదు. అందుకని ఆ మెమోతో పాటు నాలుగు సంగతులు కూడా చెప్పి పంపడం మన బాధ్యత అనుకుంటున్నాను.

ఇప్పుడు నా రెండు కోరికలు.

మొదటిది: బడిలో నెలకు ఒక ఆదివారం ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు. గల్ఫ్‌కు పోయేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు వస్తారు. ఏజెంటుకు లైసెన్సు ఉందా లేదా ఈ-మైగ్రేట్‌లో చూసిపెడదాం. లైసెన్సున్న ఏజెంటు సేవా రుసుము కింద 30 వేలు, దాని మీద జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోకూడదు. మన దగ్గర ఎంత తీసుకుంటున్నారో మీకు తెలుసు. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, ఏజెంటుకు కట్టిన డబ్బు రసీదు, వీటి ఫొటోకాపీలు ఇంట్లో ఒక సెట్టు పెట్టిద్దాం. విజిట్ వీసా మీద పనికి పోవద్దని చెబుదాం. ఇబ్బంది వస్తే విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు ఎట్లా రాయాలో చూపిద్దాం. వచ్చిన ప్రతి జీతం చీటీ ఫొటో ఇంటికి పంపమని చెబుదాం. నేను మాట్లాడిన ఆ పెద్దమనిషి దగ్గర కాంట్రాక్టు కాపీ ఒక్కటి ఉన్నా ఆయన కథ వేరే తీరుగా ఉండేదేమో. నెలకు ఒక ఆదివారం నేను వస్తాను. మన బ్యాచ్‌ల్లో లాయర్లున్నారు, బ్యాంకు వాళ్లున్నారు, పన్నెండేళ్లు, పదిహేనేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చిన అన్నలున్నారు. మా అందరికంటే ఎక్కువ చెప్పగలిగేది వాళ్లే. వాళ్లను ముందు వరుసలో కూర్చోబెడదాం.

రెండోది: స్వర్ణోత్సవ నిధిలో కొంత తీసి, ఏటా ఇద్దరు పూర్వ విద్యార్థులకు ఒక ఉపకార వేతనం. న్యాయ సేవాధికార సంస్థలోనో, హక్కుల సంఘంలోనో, పత్రికలోనో మూడు నెలలు పని నేర్చుకోవడానికి. ఇంజినీరింగు పిల్లలకు క్యాంపస్ ఇంటర్న్‌షిప్‌లు దొరుకుతున్నాయి. ఇలాంటి పనులకు జీతం ఉండదు కాబట్టి మన పిల్లలు అటు వైపు చూడరు. మూడు నెలల బస్సు పాసు, గది అద్దె, తిండి ఖర్చు మనం భరిస్తే ఆ బల్ల దగ్గర మన వాళ్లు కూడా కూర్చుంటారు.

విదేశాల్లో చదవాలనుకునే పిల్లలకు రెండు ముక్కలు. బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ విద్యార్థులకు మన రాష్ట్ర ప్రభుత్వం ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తోంది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చివెనింగ్‌కు రెండేళ్ల పని అనుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. ఫెలిక్స్ స్కాలర్‌షిప్‌తో ఆక్స్‌ఫర్డ్, రీడింగ్, సోయాస్‌లలో చదవొచ్చు. అక్కడ ఏ ఇంటర్న్‌షిప్‌లో చేరేముందైనా మూడు అడగండి: వారానికి ఎన్ని గంటలు, కాగితం మీద ఏం రాసి ఉంది, డబ్బు ఎంత. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల సలహాదారు ఉంటారు. స్నేహితులు చెప్పిన మాట మీద కాకుండా, ఆ సలహాదారును అడిగి సంతకం పెట్టండి. తెలుగు మీడియం అని మాత్రం తల దించుకోకండి. ఇంగ్లిష్ నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా. కానీ పెత్రమాస అంటే ఏమిటో తెలిసిన మనిషి వాళ్లకు సులువుగా దొరకదు.

మా తెలుగు సార్ ఇక్కడే ముందు వరుసలో ఉన్నారు. విన్నది విన్నట్టు రాయండి, సొంత పైత్యం కలపకండి అని డిక్టేషన్ చెప్పేటప్పుడు బెత్తం చూపించేవారు. సార్, లండన్‌లో నాకు జీతం ఇచ్చింది ఆ పనికే.

ఆదివారం బల్ల గురించి, ఉపకార వేతనం గురించి ఈ సాయంత్రం సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. ప్రతిపాదించడానికి నేను సిద్ధంగా ఉన్నాను, బలపరచడానికి మీలో ఒకరు లేవండి.